మళ్లీ రాని పన్ను

అరకు కొండల్లో నేను పాఠాలు చెప్పే బడిలో, రెండో తరగతి గుంట ఒకతె చెంప పట్టుకుని ఏడుస్తోంది. నోరు తెరిపించి చూస్తే వెనక దవడపన్ను నల్లగా పుచ్చిపోయి ఉంది. కాఫీ తోటలో కూలికెళ్లే వాళ్లమ్మను పిలిపించి కోప్పడ్డాను.

"పాలపన్నే కదా మేడమ్, ఊడిపోద్ది. మల్లీ వస్తాది," అందామె నెమ్మదిగా.

అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే వెనక మొలుస్తుంది, పోతే మళ్లీ రాదు. ఆ సంగతి నాకు మాత్రం ఎలా తెలిసింది? మా అమ్మాయికి అదే పన్ను పుచ్చితే, సెలవు పెట్టి విశాఖ తీసుకెళ్లాను. డాక్టరు ఈ సంగతి చెప్పి, సిమెంటు పెట్టి పన్ను నిలబెట్టాడు. వీళ్లకు సెలవంటే ఆ రోజు కూలి పోవడమే.

నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. అప్పటికే ఆలస్యమైందని పీకేశారు. తల్లి ఆ పన్నును పేడలో చుట్టి, కొత్తది రావాలని మొక్కి, ఇంటి కప్పు మీదకు విసిరింది.

ఇప్పుడు ప్రతి సోమవారం ఆ గుంట నా ముందు నోరు తెరుస్తుంది. "వచ్చీసిందేటి మేడమ్?"

ఎక్కంలో ఒక్క తప్పు చెప్పినా ఊరుకోని నేను, ఫోన్ లైటు వేసి మరీ చూసి, "ఇంకా లేదమ్మా" అంటాను.