గీత మునిగిన ఓడ

ఆ రోజుల్లో కలకత్తాలో మా ఏక్‌బాల్‌పూర్ సందుల్లో ఓడల గురించి తెలియని మనిషి లేడు, ఓడెక్కిన మనిషీ లేడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన మావాళ్ళందరిదీ ఓడరేవు డాకులో మూటలు మోసే పనే. ఏ ఓడ ఏ దేశానిది, దాని కడుపులో ఏముంది, ఎన్నాళ్ళుంటాది, అన్నీ వాళ్ళకి తెలుసు. ఒడ్డు మీద నిలబడి తెలుసు, అంతే. (పెళ్ళిళ్ళకి వంటలు వండీ బ్రహ్మచారికి పెళ్ళి గురించి తెలిసినట్టు.)

చిట్టీ, బాబూ, మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ సింగపూర్ వెళ్ళి, అక్కడ పెద్ద ఓడెక్కి వారం రోజులు దేశాలు తిరుగుతారని మీ అమ్మ చెప్పింది. దాని మీద ఈతకొలను ఉంటాదట, నాటకాలు ఆడతారట. "అమ్మమ్మా, నాకు భయమేస్తోంది, ఏం సర్దుకోవాలో చెప్పు, నువ్వు ఓడెక్కినావు కదా" అని చిట్టి ఫోనులో అడిగితే నాకు నవ్వు ముందొచ్చింది, భయం దాని వెనకొచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ భయం ఎక్కడికీ పోలేదర్రా, తడి చీరలాగ ఒంటికి అంటుకునే ఉంది. నేను చెప్తాను, మీ అమ్మ రాస్తాది. మీకు తెలుగు చదవడం రాదు కాబట్టి మళ్ళీ అదే చదివి వినిపిస్తాది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. పెళ్ళయి ఏడాది. ఎర్రజెండా సర్కారు వచ్చి కుసింత కాలమే అయ్యింది. మా అప్ప, అంటే మీ అమ్మకి పెద్దమ్మ, అండమాన్లో పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండీది. బావకి అక్కడ కర్ర మిల్లులో పని. అప్పకి మొదటి కానుపులో బిడ్డ దక్కలేదు. రెండోసారి నెలలు నిండుతున్నప్పుడు ఎవరిచేతో ఉత్తరం రాయించింది, "ఈసారి నా పక్కన మన ఆడమనిషి ఒక్కర్తయినా లేకపోతే నేను బతకను చెల్లీ, వచ్చే ఓడకి రా" అని. మా అమ్మ అప్పటికే పోయింది. ఉన్నదాన్ని నేనే. ఆ ఓడ తప్పితే ఇరవై రోజులకి గానీ ఇంకోటి లేదు, అప్పటికి కానుపు అయిపోతాది. మీ తాతకి సెలవు దొరకలేదు. ఒక్కర్తినే వెళ్ళాలి.

వీధి వీధంతా సలహాలే. ఒకరు ఉల్లిపాయ బొడ్లో దోపుకోమన్నారు, ఒకరు నీళ్ళకేసి చూడొద్దన్నారు. అందరికన్నా పెద్ద సలహా మా మావది, అంటే మీ ముత్తాతది. సాయంత్రం కరెంటు పోయినప్పుడు గుమ్మంలో కూర్చొని, లాంతరు ముందర పెట్టుకొని చెప్పినాడు.

"ఒలే కోడలా, నాను సెప్పీది ఇను. ఓడ పక్కన మద్దిలోన సున్నా ఒకటి రాసుంటాది. దాని నడిమిన అడ్డగీత. ఆ గీత నీళ్ళకి పైనుంటే ఎక్కు. మునిగుందా, దేవుడొచ్చి ఎక్కమన్నా ఎక్కకు. ముప్పై ఏళ్ళు మూటలు మోసినోణ్ణి సెప్తన్నాను. ఆపీసరు వొచ్చి ఆ గీతే సూస్తాడు, సూసి ఇంక సాలంటాడు. అయితే ఒకటుందే..."

"సాల్లే," అంది లోపల్నుంచి మా అత్త. "నువ్వెప్పుడెక్కినావేటి ఓడ? గుంటని బెదరగొట్టకు. ఆ లాంతరు గ్లాసు మసిబారిపోయింది, తుడు."

మావ గ్లాసు తుడిచినాడు. ఆ 'అయితే' తర్వాత మాట ఆయన నోట్లోనే ఉండిపోయింది. అందుకని మీకు చెప్పీది ఏటంటే, పెద్దవాళ్ళు సలహా చెప్తన్నప్పుడు 'అయితే' అన్నాక లేచిపోకండి. అసలు సంగతి అక్కడుంటాది.

ఇంక సర్దడం. సర్దింది నేను కాదు, మా అత్త. బియ్యం మూట, ఎండు చేపలు, చింతపండు, పొత్తిగుడ్డలకి పాత చీరలు, బాలింతకి పెట్టీ కాయం డబ్బా. కాయం నూరడానికి సన్నికల్లు కూడా కట్టింది. (నవ్వకండి. ఆ దీవిలో రాళ్ళుండవని ఆమె నమ్మకం.) విలువైనవన్నీ బియ్యంలో దాచడం ఆమెకి అలవాటు, దొంగలు బియ్యంలో చెయ్యి పెట్టరని. అలగ కాయం డబ్బా, బావ చిరునామా కాగితం, ఓడలో భోజనం చీటీలు, మూడూ బియ్యం మూట అడుక్కి వెళ్ళిపోయాయి. నా చేతిలో మిగిలింది టిక్కెట్టొక్కటే. ఆ తప్పు మీరు చెయ్యకండి. పాస్‌పోర్టు, టిక్కెట్టు, దిగినాక వెళ్ళాల్సిన చోటు రాసుకున్న కాగితం, రోజూ వేసుకునే మందులు, ఒక జత బట్టలు, ఇవి మీ భుజాన ఉండే సంచీలోనే ఉండాలి. పెద్ద పెట్టె ఎవరెవరి చేతుల్లోంచో మీ గదికి వచ్చేసరికి ఏ సాయంత్రమో అవుతాదట.

ఓడ రోజు పొద్దున్నే మీ తాత నన్ను డాకులోకి తీసుకెళ్ళినాడు. లైన్లో మా ముందర ఒక బెంగాలీ ముసలావిడ ఉంటే, "మాసీమా, మావాళ్ళని కుసింత చూడండి" అని (మాసీమా అంటే వాళ్ళ భాషలో పిన్ని) ఆవిడకి అప్పజెప్పీసి, డ్యూటీకి టైమైపోతోందని వెళ్ళిపోయినాడు. ఆయన అటు తిరగ్గానే నేను చేసిన మొదటి పని ఓడ పక్కన సున్నా వెతకడం.

సున్నా ఉంది. పై సగమే కనిపిస్తోంది. గీత నీళ్ళ కింద ఉంది.

మీ తాతని పిలుద్దామంటే ఆయన లేడు. వెనకవాళ్ళు తోసుకొచ్చి నన్ను మెట్ల మీద నుంచి పైకి ఎక్కించీసినారు. కింద బంకు గదిలో నా సామాను మధ్య కూర్చున్నాను. గది నిండా ఇనప మంచాలు, ఒకదాని మీద ఒకటి, ఇంజను నూనె వాసన. కూర్చోలేక మళ్ళీ పైకొచ్చి చూస్తే ఇంకా ఎక్కిస్తనే ఉన్నారు. బంగాళాదుంప బస్తాలు, సిమెంటు, ఎవరిదో మోటార్ సైకిలు, పది మేకలు. ఒక్కో బస్తా నా గుండె మీదే వేస్తన్నట్టుంది. పొద్దున్న చద్దన్నం ఎందుకు తిన్నానా అనుకున్నాను. ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటన్నాను. దిగిపోతే అప్ప ఏమైపోతాది? దిగకపోతే నేనేమైపోతాను? ఆ రెండిటి మధ్యా నా బుర్రకి మూడో దారి తోచింది. బరువు తగ్గిస్తే గీత పైకి రాదా?

సన్నికల్లు ఎత్తుకొని మెట్లు దిగినాను. కింద మూటలు మోస్తన్న మా వీధి మనిషి కనిపిస్తే ఆయన చేతిలో పెట్టినాను. ఆయన నన్నూ రాయినీ మార్చి మార్చి చూసినాడు.

"వదినా, ఇదేటి? అందరూ ఎక్కిస్తంటే నువ్వు దించుతన్నావు?"

"మావకి ఇచ్చీ," అన్నాను. ఎక్కి చూసినాను, గీత రాలేదు. మళ్ళీ వెళ్ళి బియ్యం మూట ఈడ్చుకొచ్చినాను, మళ్ళీ దిగినాను, అదీ ఇచ్చీసినాను. మళ్ళీ ఎక్కినాను. అప్పటికీ గీత రాలేదు.

బంకు గదిలోకి తిరిగొస్తే మాసీమా అడిగింది, "కీ హొలో మా? ఏమైందమ్మా, ఎందుకలా మూటలు దించీస్తున్నావు?" అని. నాకొచ్చిన బెంగాలీలో చెప్పినాను, ఓడలో బరువెక్కువైపోయింది, గీత మునిగిపోయింది, మీ పెట్టె కూడా దించీయండి అని. నేను మెల్లగానే చెప్పినాను. కానీ కలకత్తాలో మెల్లగా చెప్పిన మాట ఎప్పుడైనా మెల్లగా ఉంటాదేటి? పై మంచం మీద కళ్ళజోడు మనిషి ఒకడు, భుజానికి ఝోలా సంచీ తగిలించుకొని పేపరు చదువుతున్నాడు. పేపరు మడిచి కిందకి దిగినాడు. బయటికెళ్ళి గీత చూసొచ్చినాడు. పది నిమిషాల్లో డెక్కు మీద నలభై మంది. ఆ ఝోలా దాదా (దాదా అంటే అక్కడ అన్న) చెయ్యెత్తి "ప్రయాణికుల ప్రాణాలతో ఆటలు" అంటే అందరూ "చోల్బే నా, చోల్బే నా", సాగదు సాగదు అంటన్నారు. మేకలు కూడా అరుస్తన్నాయి. మాసీమా కూడా వాళ్ళతో పాటే చెయ్యెత్తీసింది, పాపం కలకత్తా అలవాటు.

తెల్లబట్టల ఆఫీసరు వచ్చినాడు. "పోటు నీళ్ళున్నప్పుడే డాకు గేటు దాటాలి. ఇంకో గంటలో దాటకపోతే ఇవాళ ప్రయాణం లేదు. రేపుంటాదని కూడా నేను చెప్పలేను," అన్నాడు.

అది విన్నాక నాకు పుట్టిన భయం ముందర గీత భయం ఏపాటిది? ఓడ మునుగుతాదని భయపడి నేనే ఓడని ఆపీసినాను. అక్కడ అప్ప రోజులు లెక్కబెట్టుకుంటోంది. మొగవాళ్ళ ముందర గట్టిగా మాట్లాడి ఎరగని దాన్ని, ముసుగు సర్దుకొని ఆ గుంపులోకి దూరినాను. కలాసీల పెద్ద ఒకాయన, తెల్లగడ్డం, అందరూ సారెంగు చాచా అంటారు, ఆయన ముందరికెళ్ళి "గొడవ నావల్లే వచ్చింది. మా మావ చెప్పినాడు, గీత మునిగితే ఎక్కొద్దని," అన్నాను.

"మీ మావ ఏం చేస్తాడు బేటీ?"

"ఇక్కడే, డాకులో. ముప్పై ఏళ్ళుగా."

చాచా నవ్వలేదు. అదే ఆయన గొప్పతనం. వంటగదిలోంచి ఒక గుడ్డు, గాజు గ్లాసులో నీళ్ళు, గుప్పెడు ఉప్పు తెప్పించినాడు. గుడ్డు నీళ్ళలో వేస్తే అడుక్కి పోయింది. ఉప్పు పోసి కలిపి మళ్ళీ వేస్తే పైకొచ్చింది. "ఇది గంగ, ఇది సంద్రం. మంచినీళ్ళలో ఓడ జానెడు కిందకి కూర్చుంటాది, ఉప్పునీళ్ళలోకి వెళ్ళగానే తనే పైకి లేస్తాది. సున్నా పక్కన దువ్వెన పళ్ళలాగ ఇంకా గీతలుంటాయి చూడు, నది గీత వేరు, సంద్రం గీత వేరు. మనం నది గీత దాటలేదు. మీ మావకి ఇది తెలియకుండా ఉండదే?"

తెలుసు. ఆ 'అయితే' ఇదే.

ఝోలా దాదా మాత్రం "సంద్రంలో అంత ఉప్పుండదు, కుసింత తక్కువ ఉప్పుతో మళ్ళీ చూపించాలి" అన్నాడు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. మాసీమా అంది, "ఒరే బాబూ, నువ్వు గుడ్డు తినాలంటే తిను గానీ ఓడని పోనీ." అందరూ నవ్వీసినారు. విజ్ఞానపరంగా రుజువైంది కాబట్టి ఆందోళన విరమిస్తున్నామని ఆయనే ప్రకటించి మళ్ళీ మంచమెక్కి పేపరు తీసినాడు. పోటు దిగకముందే గేటు దాటినాము.

నా బియ్యం, కాయం, చిరునామా మాత్రం ఏక్‌బాల్‌పూర్లోనే ఉండిపోయాయి.

ఓడలు పోటుని బట్టి, గాలిని బట్టి కదులుతాయి, మన గడియారాన్ని బట్టి కాదు. అందుకని ఎక్కే ఊరికి ఒకరోజు ముందే చేరండి, దిగిన రోజే ఇంకో బండికి టిక్కెట్టు కొనకండి. ఎక్కగానే, ప్రమాదమొస్తే దిగాల్సిన మీ చిన్న పడవ ఏదో, దాని దగ్గరికి ఏ మెట్ల మీద నుంచి వెళ్ళాలో నడిచి చూసుకోండి. మొదటిరోజు గంట కొట్టి, నీళ్ళలో తేలే చొక్కాలు తొడిగించి అందరినీ నిలబెడతారు. అది నేర్పడానికే, మునుగుతన్నామని కాదు. (నేను ఆ చొక్కా విప్పకుండా రెండు రోజులు తిరిగినాను. మీరు విప్పీయండి.) కడుపులో తిప్పితే పడుకోకండి, ఖాళీ కడుపుతో అసలే ఉండకండి. ఓడ మధ్యలో నిలబడి, దూరంగా ఆకాశం నీళ్ళని తాకే చోటకేసి చూడండి. కుసింత అల్లం, కుసింత మరమరాలు. ఇవన్నీ మాసీమా నేర్పింది. భోజనం చీటీలు లేని నాకు ఆ నాలుగు రోజులూ ఆవిడ సంచీలో మరమరాలే అన్నం.

సంద్రంలోకి వచ్చినాక ఓడ పైకి లేచిందో లేదో నాకు తెలియలేదు. అటూ ఇటూ ఒడ్డు లేదు. ఆ నీళ్ళకేసి చూస్తే ఒకటే ఆలోచన, అప్ప ఉందా, లేదా. ఓడ మీద ఉత్తరం రాదు, ఎవర్నీ అడగలేము. వెళ్ళీదాకా తెలియదు. ఆ భయానికి ఏ గీతా లేదు, చూసుకోడానికి.

పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో దిగితే బావ లేడు. జనం పల్చబడిపోతన్నారు. మాసీమాని వాళ్ళబ్బాయి తీసుకెళ్ళడానికి వచ్చినా, నా చెయ్యి వదలకుండా ఆవిడ అక్కడే నిలబడింది. నాకు చెడ్డ ఆలోచనలే వస్తన్నాయి. బావ రాలేదంటే రాలేని పనేదో పడుంటాది కదా. అప్పుడు దూరంగా ఒక మనిషి నడుం మీద రెండు చేతులూ పెట్టుకొని, మెల్లగా, బాతులాగ నడుచుకుంటూ వస్తోంది. అప్ప. బావకి డ్యూటీ పడితే తనే వచ్చింది.

నన్ను చూసింది, నా వెనక చూసింది. "సామానేదే?"

"దించీసినాను అప్పా. ఓడ బరువైపోయింది."

కథంతా చెప్పినాను. తాళ్ళు కట్టీ ఇనప దిమ్మ మీద కూలబడి, కడుపు పట్టుకొని, కళ్ళంట నీళ్ళొచ్చీదాకా నవ్వింది. నవ్వి నవ్వి అడిగింది, "అంత భయమేస్తే దిగిపోలేదేటే?"

"దిగినాను. రెండుసార్లు దిగినాను."

"మరి ఎందుకెక్కినావే?"

"మూటలు దించీసినాను కదా, తేలికైపోయి ఉంటాదని," అన్నాను. అప్ప మరి నవ్వలేదు. నా తల దగ్గరికి లాక్కుంది.

మూడోరోజు కొడుకు పుట్టినాడు. మీరు పోర్ట్‌బ్లెయిర్ మావయ్య అంటారే, వాడే. కాయం పక్కింటి తమిళామె చేసి పెట్టింది. నూరడానికి రాయి కూడా ఆమెదే. (దీవిలో రాళ్ళున్నాయని తిరిగొచ్చి మా అత్తకి చెప్తే నమ్మలేదు.)

ఇప్పుడు నేను ఖిదిర్‌పూర్ నాలుగురోడ్ల మోడ్ దగ్గర బస్సెక్కాలంటే ఇద్దరు చెయ్యి పట్టుకోవాలి. ఒక్కోసారి మధ్యాహ్నం ఆ పంతొమ్మిదేళ్ళ గుంట గుర్తొస్తాది, ముసుగు సర్దుకుంటూ, రాయి ఎత్తుకొని ఓడ మెట్లు దిగుతూ. ఇప్పుడు గానీ నా ఎదురుగా వస్తే నెత్తి మీద రెండు మొట్టికాయలు వేస్తాను. ఆనక పీట వేసి కూర్చోబెట్టి వేడన్నం పెడతాను. పాపం, ఎవరికీ చెప్పలేదు గానీ చాలా ఆకలేసింది దానికి.