తెల్ల పిలక

తొయొహాషి వెళ్ళే బస్సు సముద్రం వైపు మలుపు తిరిగినప్పుడు, పక్క సీటు ముసలావిడ నా మీద పడబోయి నిలదొక్కుకుంది. ఆ బస్సులో అందరూ మొక్కల ప్రదర్శనకే; అక్కడికి వట్టి చేతులతో పోయే మనిషిని ఆ దారిలో నేనెన్నడూ చూడలేదు.

"ఏమ్మా, మొక్క తేలేదా?"

"ఇవాళ చూడ్డానికే పోతున్నా, చూపించడానికి కాదు," అంది. పేరు కినుయే.

అక్కడ పెట్టేది అరచేతిలో ఇమిడే మొక్క, కండపట్టిన ఆకులు. వాటి మీద ఒక్క తెల్ల చార కోసం ఆ ఊళ్ళవాళ్ళు ఏళ్ళ తరబడి కాచుకుంటారు. నేను తిరిగిన దేశాల్లో గుర్రాల పిచ్చి చూశాను, పావురాల పిచ్చి చూశాను. ఇంత చప్పుడు లేని పిచ్చి మరోటి లేదు. కొత్త చార తెప్పించినవాడిదే దానికి పేరు పెట్టే హక్కు. కినుయే భర్త తామెకిచి తన మొక్కకి భార్య పేరు పెట్టాలనుకున్నాడు. ఆయన మంచాన పడ్డప్పుడు స్నేహితుడు ఇసోజి ఒక పిలక అడిగి పట్టుకెళ్ళి, ప్రదర్శనలో దానికి తన కూతురి పేరు తగిలించాడు. అది విని తామెకిచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ ఇటు తిరగలేదు.

"మరి మీరు నిలదీయలేదా?"

"నిలదీస్తే వాడికి ఒక్కపూట సిగ్గు. నాకది చాలదు."

అందుకే కిందటేడు ప్రదర్శనకు మీగడలాంటి చారలున్న మొక్కను తెచ్చింది. ఇసోజి నలుగురిలోనూ, "వదినా, ఒక్క పిలక," అని చెయ్యి చాచాడు. అడిగినవాడికి లేదనడం అక్కడ మర్యాద కాదు.

"నీకు నచ్చింది కోసుకో అన్నయ్యా."

వాడు అన్నిటికన్నా తెల్లనిది కోశాడు. వెలుపలి ఆకులో వెంట్రుకంత పచ్చగీత చూసి ధైర్యపడ్డాడు. నడిమి మొవ్వులో ఆ గీత లేదని చూడలేదు. పచ్చదనం లేని పిలక తల్లి వేరు మీద ఉన్నన్నాళ్ళే బతుకుతుంది. వాడికి తెలియనిదా? కానీ తెలుపు కంటబడితే అక్కడివాళ్ళకి తెలిసినవన్నీ మరుపున పడతాయి. ఇంకా వేరు పట్టకుండానే దానికి తన పేరే పెట్టేసుకుని, ఈ ఏటికి బల్ల మీద నట్టనడుమ చోటు అడిగాడు.

మేం వెళ్ళేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది.

"ఏమయ్యా ఇసోజీ, దొరసాని ఇంకా ముస్తాబవుతోందా?" ఎవరో అన్నారు. అంతా నవ్వారు.

ఇసోజి కినుయే దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అది బతకదని నీకు తెలుసు కదూ వదినా?"

"తెలుసు," అంది, అందరికీ వినబడేలా.

"ఒక్కమాట చెప్పలేకపోయావా!"

"నువ్వడగలేదుగా అన్నయ్యా. మా ఆయన మొక్కకి పేరు పెట్టేటప్పుడూ అడగలేదు."

నవ్వులు ఆగిపోయాయి. తామెకిచి దగ్గర కోసుకెళ్ళిన మొక్క, ఇసోజి కూతురి పేరుతో, పక్క బల్ల మీదే ఉంది. తలలన్నీ అటు తిరిగాయి. ఇసోజి మాత్రం తిరగలేదు.

కసి తీరిందా అని అడుగుదామని చూస్తే, కినుయే అప్పటికే గుమ్మం దాటి, చెప్పులు సరిచేసుకుని, ఎండలో పడి నడుస్తోంది.