తిట్టే కుండ

రాసుకో తల్లీ. రెండువేల ఇరవై మూడు, ఎండలు ఇంకా ముదరని రోజులు. బనగానపల్లె దగ్గర మన కుమ్మరి సారె, కుండలు కాల్చే మన ఆవం. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మట్టితోనే ఉన్నాను కానీ, పోయిన మనిషి జ్ఞాపకంగా కుండ కావాలని అడిగిన మొదటి మనిషి నాగమణే. చావుకు మనం ఇచ్చే కుండ పగలగొట్టడానికే కదా. ఆమెకు పగలకూడని కుండ కావాలి.

నాగమణి తల్లి సుబ్బమ్మ ఏటా రోడ్డు పక్కన పందిరి వేసి, వచ్చేపోయేవాళ్లకు మంచినీళ్లు పోసేది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు అదే చోట చలివేంద్రం పెట్టి, తల్లి ముఖం ఉన్న కుండలోంచి నీళ్లు పోయాలని కూతురి ఆశ.

"కండ్లు మూసుకుంటే ఆస్పత్రిలో మొగమే వస్తాండాది అవ్వా. మాయమ్మ అసలు మొగం గుర్తుకే రాదు. నువ్వే తెచ్చియ్యల్ల," అంది.

పటం కట్టించిన ఫొటో ఇచ్చిపోయింది. దాన్ని ఎదురుగా పెట్టుకుని చేశాను. ముక్కు, బొట్టు, చెవికమ్మలు, అన్నీ పొందికగా కుదిరాయి. కుండ ఆరాక నాగమణి వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"శానా బాగుండాది అవ్వా. ఎవురో మంచి ఆడమనిషి. మాయమ్మ మాత్రం కాదు."

వెంట వచ్చిన తమ్ముడు ఓబులేసు పగలబడి నవ్వాడు. "మాయమ్మ ఇంతసేపు నోరు మూసుకోనుండడం నేనెప్పుడూ సూళ్ళేదు!"

"మరి ఈ ఫొటో ఏంటికిచ్చినారు?"

"ఫొటో తీసేటాయన నోరు మూసుకోమన్యాడవ్వా. మాయమ్మ బతుకులో విన్న మాట ఆయప్పదొక్కటే!"

ఆరిపోయిన కుండకు పచ్చిమట్టి అంటుకోదు, అంటినా బీటలిస్తుంది. మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. ఈసారి కుండను సగం ఆరనిచ్చాను. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే కాలేజీ పిల్లలు ఆ అదనును లెదర్ హార్డ్ అంటారు. చెప్పు తోలంత గట్టిగా, గోరు దిగేంత మెత్తగా ఉంటుంది. అప్పుడు అక్కాతమ్ముళ్లను పిలిపించాను.

"ఏమ్మే, ఈ తూరి మొగం నువ్వే పెట్టు. స్లిప్ నేను రాస్తా," అన్నాను. స్లిప్ అంటే పలచగా కలిపిన మట్టి, మాకు అదే జిగురు.

"నాకెట్ల వస్తాదవ్వా?"

"మీయమ్మ నిన్నెట్ల తిడ్తాండె? అట్ల తిట్టు. చేతులు అవే పోతాయి."

కాసేపు సిగ్గుపడింది. తర్వాత గొంతు పెంచింది. "ఏమే నాగీ, కొంగు కప్పుకోకుండా ఈ ఎండలో యాడికే పోతాండావు? నెత్తి కాలితే కాలనీలే, లోపల ఏముండాదని!"

"ఇంగా గట్టిగా తిట్టుక్కా, గడ్డం ముందుకు రాలే!" అన్నాడు ఓబులేసు.

గడ్డం వచ్చింది. ఒక కనుబొమ పైకి లేచింది. నోరు తెరుచుకుంది. ఎడమ బుగ్గలో ఆకువక్క ఉబ్బు పెడుతూ నాగమణి నవ్వుతూనే ఏడ్చింది. నేను ఆపలేదు. ఉబ్బు లోపల గాలి చిక్కుకుంటే ఆవంలో పగులుతుందని, పిన్నీసుతో ఒక సన్నని బెజ్జం మాత్రం పొడిచాను.

కుండ నిండుగా, ఎర్రగా కాలింది. సంవత్సరీకం నాడు పందిరి కింద పెట్టారు. ఎండన పడి ఒక గొర్రెల కాపరి వచ్చాడు, పెద్దాయన. కుండను చూసీచూడగానే నోట్లో బీడీ తీసి వీపు వెనక దాచుకున్నాడు.

"ఏమప్పా, కుండకు బయపడ్తివా?" అన్నాడు ఓబులేసు.

"నీకేం తెలుసురా! నీళ్లకాడ బీడీ కనపడితే మీయమ్మ నా తాతల కాడి నుంచి దులుపుతాండె!"

పందిరంతా నవ్వులు. నాగమణి మాత్రం కళ్లు మూసుకుని నిలబడింది. నేను దగ్గరికి పోయి భుజం పట్టుకున్నాను.

"ఏమైందే?"

"తిడతాండాది అవ్వా," అంది, కళ్లు తెరవకుండానే నవ్వుతూ.

ఇప్పుడు ఎవరైనా అలాంటి కుండ కావాలని వస్తే, పోయినవాళ్లు ఎంత మంచివాళ్లో నేను అడగను. ఇంట్లో ఏం పోరు పెట్టేవాళ్లని అడుగుతాను. వాళ్లు నవ్వడం మొదలుపెట్టాకే మట్టి తడుపుతాను.