వేట లేని రెండు నెలల వంట

నా చిన్నతనంలో, దివిసీమలో సముద్రం పక్కనున్న మా ఊళ్ళో, ఎండలు ముదరకముందే మా అమ్మ ఒక్కొక్క బానే అటక ఎక్కించేది... ఒకదాంట్లో ఎండు నెత్తళ్ళు, ఒకదాంట్లో రొయ్యపొట్టు, ఇంకోదాంట్లో ఉప్పుచేపలు.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు సముద్రంలో వేట ఆపేస్తారు. పడవలన్నీ ఒడ్డుకి చేరతాయి. నాన్నకి పని ఉండదు. అందుకే ఆ రెండు నెలల కూడూ కూరా అమ్మ చలికాలంలోనే చూసుకునేది...

వల బాగా పడిన రోజున కొన్ని చేపలు అమ్మకుండా ఉంచి, ఉప్పు రాసి, పాత వల మీద పరిచి ఎండబెట్టేది. కాకులు వాలకుండా కర్ర పట్టుకుని నేను కాపలా. మినప చేలు కోతకొచ్చినప్పుడు పై ఊళ్ళకి కూలికి వెళ్ళి, కూలి కింద మినుములూ పెసలూ తెచ్చుకునేది. గాలికి రాలిన మామిడికాయలు దొరికితే ముక్కలు కోసి ఒరుగులు పెట్టేది.

ఏ వారం ఏం వండాలో అంతా ఆవిడ మనసులోనే ఉండేది. పులుసు ఒకసారి కాస్తే రెండు రోజులు వచ్చేది... రెండో రోజే దానికి అసలు రుచి. పొద్దున్నే చెరువు పూడిక తీసే పనికి వెళ్ళాలి కదా, పొయ్యి దగ్గర కూర్చునే తీరిక ఎక్కడిది.

నేను ఐదో తరగతి పాసైన ఏడు, వేట ఆగిన కొద్ది రోజులకే పెద్ద గాలివాన వచ్చింది. ఏటి అవతల ఊళ్ళో మా బాబాయి వాళ్ళ తాటాకిల్లు పడిపోయింది. పిన్ని దాచుకున్న ఎండు చేపలన్నీ తడిసి పాడైపోయాయి. బాబాయి, దుర్గ పిన్ని, వాళ్ళ పిల్లలిద్దరూ రెండు మూటలతో వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డారు...

నాన్న అమ్మని పక్కకి పిలిచి నెమ్మదిగా అన్నాడు. "నాలుగు రోజులుంటారంతేనే. ఇల్లు లేపుకుని వెళ్ళిపోతారు."

"ఇల్లు లేపుకుని ఏం తింటారయ్యా? వేట మొదలయ్యేదాకా ఇక్కడే ఉంటారు" అంది అమ్మ.

నాన్న మొహం తేటపడింది. నాకు మాత్రం బెంగ పట్టుకుంది... అమ్మా, నాన్నా, నేనూ, తమ్ముడూ, మా నలుగురికని దాచిన తిండి ఎనిమిది మందికి ఎలా వస్తుందా అని.

మర్నాడు పొద్దున అమ్మ బానలన్నీ దింపించి, ఉన్నదంతా చాప మీద పోసుకుని కూర్చుంది. కుప్పలు చేయడం, చూసుకోవడం, మళ్ళీ కలిపేయడం... మధ్యాహ్నానికి ఓ కొలిక్కి వచ్చింది. ఉప్పుచేప వేపుడు ఆదివారానికి మాత్రమే. నెత్తళ్ళు తగ్గి వంకాయలు పెరిగాయి. రొయ్యపొట్టు గోంగూరలోకి వెళ్ళింది. పెసరకట్టు పలచనైంది.

రెండు మూడు రోజులు గడిచాక అమ్మ ఒకటి కనిపెట్టింది. పిన్ని అందరికీ వడ్డించి, తను మాత్రం ఇంత అన్నంలో గంజి పోసుకుని లేచిపోతోంది.

"ఏవే దుర్గా, ఆకలి లేదా, మొహమాటమా?" అని అడిగేసింది.

పిన్ని తల వంచుకుంది. "నీ పిల్లల నోటి దగ్గరది తింటన్నామక్కా. నాకు ముద్ద దిగట్లేదు."

అమ్మ గరిటెతో పులుసు తీసి పిన్ని కంచంలో పోసింది. "నీ ముద్ద కూడా కలిపే లెక్కేశానే నేను. నువ్వు తినకపోతే కూర మిగిలిపోయి నా లెక్క తప్పుద్ది. తిను."

పిన్ని నవ్వబోయి ఏడ్చేసింది... ఆ పూట కడుపునిండా తింది.

మర్నాడు తనే అడిగింది. "అక్కా, మీ మడ కాలవల్లో పీతలుంటాయా?"

"ఎందుకుండవు? పట్టేవాళ్ళేరీ? డెక్కతో నొక్కిందంటే వేలు ఊడుద్ది."

"నేను పడతాలే."

పిన్ని పుట్టిల్లు మడ అడవి పక్కనే. ఇనప కొక్కెం పట్టుకుని బురదలో దిగితే, ఏ కన్నంలో పీత ఉందో చూడగానే చెప్పేసేది. మేం పిల్లలం నలుగురం మోకాళ్ళదాకా బురదతో వెనకే... తిరిగొచ్చేటప్పుడు గంగవావిలి కూర కోసుకొచ్చేవాళ్ళం. దాంతో అమ్మ వారమంతా మళ్ళీ మార్చింది. పీతల పులుసుకి రెండు రోజులు, ఆకుకూర పప్పుకి ఒక రోజు. ఎండు చేపలకి ఊపిరాడింది.

ఆ తర్వాత తోటికోడళ్ళిద్దరూ చీకటితోనే చెరో పొయ్యి దగ్గరా కూర్చుని, ఒకరు అన్నం, ఒకరు కూర దించేసి, కలిసి పనికి వెళ్ళేవారు.

సాయంత్రం వాకిట్లో అందరం వరసగా కూర్చుని తింటుంటే బాబాయి చిన్న కొడుకు రోజూ అడిగేవాడు. "పెద్దమ్మా, రేపేం కూర?" అమ్మ తడుముకోకుండా చెప్పేది. రేపేం తింటామో తెలిసి నిద్రపోవడం ఎంత ధైర్యమో... అప్పుడు మాకు తెలియదు.

వేట మొదలైంది. ఇల్లు లేపుకుని బాబాయి వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళు ఎక్కిన నావ కనుమరుగయ్యేదాకా తమ్ముడు రేవులోనే కూర్చున్నాడు.

ఆ చలికాలం పిన్ని తన చేపల గంప తెచ్చి మా వాకిట్లోనే దించింది. "మా వైపు గాలిని నమ్మలేనక్కా. ఇక్కడే ఎండబెడతా" అంది. అప్పటినుంచి రెండిళ్ళ వేసవి వంటా ఇద్దరూ కలిసే అనుకునేవారు.

ఇప్పుడు నేను గుడివాడలో ఉంటున్నాను. ఆదివారం కూరగాయలు తరిగి డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, వారమంతా ఆఫీసుకి పరుగు లేకుండా వెళ్తున్నాను. హాయిగానే ఉంది. వేట ఆగినా మా వీధిలోకి ఐసు చేపలు వస్తూనే ఉంటాయి. ఏ కాయైనా ఏడాది పొడవునా దొరుకుతుంది... కంచం చూసి ఇది ఏ నెలో చెప్పగలిగే రోజులే వెళ్ళిపోయాయి.

మీ ఇళ్ళల్లో ఏ కాలం కోసం ఏం దాచేవారు? కింద రాయండి... మీవి చదువుకుంటూ ఈ పూట భోంచేస్తాను.