లెక్కలోకి రాని రెండు మేకలు

గొర్రెల మంద ఎట్లా మళ్లుతుందో లెక్కలతో చెప్పాలని మా చిన్న తమ్ముడు రాజేశం మూడేళ్లుగా కాగితాలు ఖరాబు చేస్తున్నాడు. మందకు పెద్ద ఎవరూ ఉండరు, ప్రతి గొర్రె పక్కనున్న నాలుగైదింటిని చూసి నడుస్తుందని వాడి సూత్రం. కాగితం మీద మంద మెల్లగా మళ్లుతుంది. అసలు మంద ఒక్కసారిగా మళ్లుతుంది. పరిశోధన గ్రంథం ఇచ్చే గడువు సోమవారం. దాటితే పేరు కొట్టేస్తారు. మహబూబాబాద్ చేలల్లో తను ముందు చూసిన మందను ఇంకోసారి చూడాలన్నాడు. ఒక్కణ్ణే పంపితే రైలెక్కడని నేనూ బయల్దేరాను.

శనివారం పొద్దున ఆరింటికి జనగామ స్టేషన్. పెట్టె తలుపు దగ్గర జనం ఎట్లా చీలుతున్నారో చూస్తూ నిలబడ్డవాణ్ణి చొక్కా పట్టి ఎక్కించాను. కాజీపేటలో బండి మారి పదింటికి మహబూబాబాద్ చేరాం. ఇద్దరి టికెట్లూ వంద రూపాయల లోపే. తీరా చేలకు వెళ్తే, మంద భూపాలపల్లి అడవికి పోయి పది రోజులైందని రైతు నవ్వాడు. బయల్దేరే ముందు మందవాళ్ల ఇంట్లో అడగాలని మావాడికి తోచలేదట. రామనామం చెప్పుకుని ఊరుకున్నాను. హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లిలో దిగేసరికి మూడున్నర.

ఊరి బయటే మంద దొరికింది. మందకాపరి మల్లయ్యది మా పాలకుర్తి వైపే. రాజేశం గోడు అంతా అతను విని, మేకల్ని ఎక్కడ రాశావని అడిగాడు. తన పని గొర్రెల మీద కాబట్టి రాయలేదన్నాడు వీడు.

మల్లయ్య తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "గొర్రెకు తొవ్వ ఏం ఎరుక సారు? గందుకే గా రెండు మేకల్ని కలుపుతం. అవి మర్లితె మంద మర్లుతది. ముందు నడిచేటోళ్లనే ఇడిసిపెట్టి లెక్క రాసినవా?"

మూడేళ్లు.

రాజేశం మేకల్ని తునికి చెట్టుకు కట్టించి మందను తోలించాడు. ఈసారి అంచున నాలుగు మళ్లాయి, వాటిని చూసి ఇంకో నాలుగు. వాడి కాగితంలో ఉన్నట్టే, మెల్లగా. ఒక్కసారి చూస్తే చాలదట, మూడుసార్లు చూడాలట. హనుమకొండకు ఆఖరి బస్సు అయిదున్నరకు. వాడు నా మొహం చూసి నోటుబుక్కు మూశాడు.

"పోదాం అక్కా. పొద్దటి సంది నిన్ను మస్తు తిప్పిన."

"కూసొని రాయి. బస్సు రేపు గూడ వస్తది."

తెలియక తప్పు చేసినవాళ్ల మీద కోపం ఎంతసేపని. మల్లయ్య భార్య పెట్టిన జొన్నరొట్టె తిని అక్కడే పడుకున్నాం. సోమవారం మధ్యాహ్నం గ్రంథం ఇచ్చాడు, మేకల అధ్యాయం చేతిరాతలోనే. మందను చూడబోయేవాళ్లకు ఒక్క మాట: ముందు కాపరి ఇంటికి పోయి, మంద ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో అడిగి, ఆ తర్వాతే టికెట్టు కొనండి.