జ్వరాల తోటలో హాజరు

మా చరిత్ర మాస్టారికి ఒకటే పిచ్చి: పిల్లల్ని చంపడం. అదీ సరిగ్గా నేను చెప్పే లెక్కల పీరియడ్‌కి ముందు చంపేవారు.

బడి వెనక జ్వరాల తోట ఉంది. ఒకప్పుడు మహమ్మారికి తుడిచిపెట్టుకుపోయిన పాత ఊరి నమూనాలో వేసిన తోట అది. ఒక్కో మడి ఒక్కో వీధి. ఆ రోజుల్లో జ్వరానికి మందు అని నమ్మిన మొక్కలే వాటిలో పెంచుతారు. మాస్టారు పిల్లలకి తలా ఒక వీధి, తలా ఒక వృత్తి ఇచ్చి, చచ్చినట్టు వరసగా పడుకోబెట్టేవారు.

"మొన్న కూడా నేనే ముందు చచ్చాను మాస్టారూ."

"రొట్టెల వీధిలో ఇల్లెందుకు తీసుకున్నావురా? అక్కడ ఎలుకలెక్కువ. పడుకో. శవాలు మాట్లాడకూడదు."

ఆ కాలపు ఆచారం ఒకటి ఆయన వదిలేవారు కాదు. బతికి మిగిలినవాళ్ళు గేటు దగ్గర నిలబడి, పోయినవాళ్ళని ఒక్కొక్కరినీ వాళ్ళ వృత్తి పేరుతో పిలవాలి. పిలిచేదాకా ఎవరూ లేవకూడదు. ఆ పిలుపు ఆయనే పిలిచేవారు. చచ్చి లేచొచ్చిన పిల్లల బుర్రకి భిన్నాలెక్కడ ఎక్కుతాయి?

ఆ ఏడు కొత్తగా ఒక అమ్మాయి చేరింది. తల్లి జ్వరంతో పోయిన రోజు నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. పరీక్షల్లోపు మాట్లాడకపోతే దూరంగా ఉన్న మూగపిల్లల హాస్టల్‌కి పంపేద్దామని వాళ్ళ నాన్న, మా పెద్ద మేడం అనుకున్నారు.

మాస్టారు పిలిచే పని ఆ పిల్లకి అప్పజెప్పి, తానూ వెళ్ళి కమ్మరి వీధిలో చచ్చిపోయారు. ఆ పిల్ల పిలవలేదు. నా పీరియడ్ మొత్తం శవాల పాలైంది. తర్వాతి వారమూ అదే తంతు. నాకు ఒళ్ళు మండి పెద్ద మేడంని వెంటబెట్టుకెళ్ళాను.

"తల్లి పోయిన పిల్లకి చావులు చూపిస్తారా మాస్టారూ?" అన్నారావిడ.

చచ్చాక కూడా మాట్లాడే సౌకర్యం మాస్టారికొక్కరికే ఉండేది. "చూసేసిందమ్మా. చెప్పడమే మిగిలింది," అన్నారు కళ్ళు తెరవకుండా.

అంతలో వాన మొదలైంది. ఒక్క శవమూ లేవలేదు. మాస్టారి తెల్ల చొక్కా బురదలో నానుతోంది. ఆ పిల్ల గేటు ఊచలు పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"లేవండి మాస్టారూ. తడుస్తారు." గొంతు బొంగురుగా వచ్చింది.

"అలా కాదమ్మా. నేను కమ్మరిని."

"కమ్మరీ."

ఆయన లేచారు. ఆ పిల్ల ఒక్కొక్కరినీ పిలిచింది. అందరూ లేచాక, ఖాళీ మడి వైపు తిరిగి "అమ్మా" అంది. ఎవరూ లేవలేదు. మాస్టారు వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డారు. నాకు దుఃఖం ఆగలేదు.

హాస్టల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాతి వారం మాస్టారు నన్ను మంత్రసానిని చేసి రొట్టెల వీధిలో చంపేశారు. చీమలు కుడుతున్నా కదలకుండా పడుకున్నాను. ఆ పిల్ల అందరినీ పిలిచింది, నన్ను తప్ప.

"నన్నూ పిలువు తల్లీ," అన్నాను.

"శవాలు మాట్లాడకూడదు టీచర్," అంది.