ఇరవై ఏళ్ళు బొట్టు పెట్టిన ఫోటో

మావారు పోయి మూడు నెలలైంది. నాకింకా ఏడుపు రాలేదు. కెనడాలో ఈ సస్కటూన్ చలికి వేళ్ళు మొద్దుబారినట్టు లోపలంతా మొద్దుబారిపోయింది.

ఆయన కాగితాలు యూనివర్సిటీ లైబ్రరీకి తీసుకెళ్ళడానికి, ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడక్కడే పాఠాలు చెబుతున్న అమ్మాయి వచ్చింది. గుంటూరు పిల్ల. అట్టపెట్టెలు సర్దాక మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి, పూజ అలమర ముందు ఆగిపోయింది.

“ఆంటీ, ఈ ఫోటో ఇక్కడుందేంటి?”

“బుద్ధుడమ్మా. మీ సార్ చైనా నుంచి తెచ్చారు.”

దగ్గరికి వంగి చూసింది. “బుద్ధుడు కాదు ఆంటీ. మానీ అని, పూర్వం పర్షియాలో ఒక మతం పెట్టిన ప్రవక్త. వెలుగుకీ చీకటికీ యుద్ధం అని చెప్పిన మతం. ఇప్పుడు దాదాపు ఎక్కడా లేదు, చైనాలో ఈ విగ్రహం ఉన్న గుడొక్కటి మిగిలింది. సార్ రీసెర్చ్ అంతా దాని మీదే కదా.”

ఆయన పని గురించి నేనెప్పుడూ అడగలేదు. ఇరవై ఏళ్ళ క్రితం ఆ ఫోటో వంటింటి బల్ల మీద పెట్టి క్లాసుకి వెళ్ళారు. ఫోటోలో రాతి విగ్రహం. కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు, వెనక కిరణాలున్నాయి. గడ్డం చూసి కొంచెం అనుమానం వచ్చినా, చైనాలో బుద్ధుడు ఇలా ఉంటాడేమోలే అనుకుని వెంకటేశ్వరస్వామి పక్కన పెట్టి బొట్టు పెట్టేశాను. సాయంత్రం ఆయన వచ్చి చూశారు. ఏమీ అనకుండా కాఫీ అడిగారు.

దేవుడికి ఏనాడూ చేతులు జోడించని మనిషి. ఇన్నేళ్ళూ నన్ను చూసి లోపల నవ్వుకున్నారా? కోపం రావాలి. అదీ రాలేదు. అడగడానికి మనిషి లేడు.

“ఆ గుడి ఉన్న ఊరివాళ్ళు కూడా బుద్ధుడనే అగరొత్తులు వెలిగిస్తారు ఆంటీ. అలా మొక్కబట్టే గుడి నిలిచింది,” అంది నన్ను సముదాయిస్తూ. “ఇది సార్ తీసిన ఫోటో. లిస్ట్‌లో ఉందేమో చెక్ చేస్తాను.”

లైబ్రరీకి ఇవ్వాల్సినవన్నీ ఆయన ఆస్పత్రికి వెళ్ళేముందే రాసిపెట్టారు. ఆ అమ్మాయి చివరి పేజీ దాకా చదివి, నా చేతికిచ్చింది. అంతా ఇంగ్లీషు. ఈ ఫోటోకి ఎదురుగా మాత్రం తెలుగులో రాశారు: “ఇది మా ఆవిడ పూజ అలమరలో ఉంది. తను ఉన్నన్నాళ్ళూ తీయవద్దు. ఎవరి ఫోటోనో తనకి చెప్పవద్దు.”

“సారీ ఆంటీ. ముందే చూడాల్సింది.”

“ఫర్వాలేదమ్మా,” అన్నాను. ఆయన నవ్వుకోలేదు. అది తెలిసినా కళ్ళు తడవలేదు.

మర్నాడు దీపం పెట్టి, వరసగా పటాలకి బొట్లు పెడుతూ దాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కుంకుమ వేలితో చాలాసేపు నిలబడ్డాను. బుద్ధుడు కాదని తెలిసే, ఈసారి బొట్టు పెట్టాను. ఈ ఇంట్లో ఆయన ఉంచమన్నది అదొక్కటే.